పైపు పట్టే నీళ్లెన్ని?

ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ చుట్టుపక్కల నేల నల్లరేగడి. దాని కింద ఎప్పుడో పారి గట్టిపడిన దక్కన్ లావా, నల్లటి బసాల్ట్ రాయి. వానాకాలం పత్తి, సోయా, కంది. యాసంగికి శనగ, జొన్న. వానలప్పుడు పొంగి పొర్లే వాగుల్లో చాలావాటికి ఎండలు ముదిరేసరికి మడుగులే మిగులుతాయి. అందుకని ఇక్కడ నీళ్ల ముచ్చటంటే చాలావరకు పైపుల ముచ్చటే. వాగు నుంచి చేనుకు లైను, బోరు నుంచి డ్రిప్పు, ట్యాంకు నుంచి ఇంటి నల్లా. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే తొవ్వ మీద కట్టలు కట్టలుగా కనిపించే ఆ గొట్టాల కడుపులో ఎన్ని నీళ్లు పడతాయి, అది తెలుసుకుని చేసేదేముంది అన్న దాని మీద ఇద్దరి వాదన ఇది. ఒకాయన ఊళ్లల్లో లైన్లు వేసే మిస్త్రీ. రెండోవాడు ఆయన మేనల్లుడు, పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాడు. వాళ్లను వరసలతోనే పిలుద్దాం.

మామ: ఏందిరా అల్లుడా, పైపు ముంగట పెట్టుకుని కాగితం మీద గీస్తున్నవ్? టేపు చాలదా?

అల్లుడు: పొడుగుకు టేపు చాలు మామా. లోపల ఎన్ని లీటర్లు పడ్తయో టేపు చెప్పదు గదా.

మామ: పడితే ఏంది, పడకుంటే ఏంది? పైపు ట్యాంకు కాదు, తొవ్వ. తొవ్వ మీద ఎందరు పోతున్నరో చూస్తరు గాని, తొవ్వ ఎందర్ని పడ్తదని ఎవడన్న లెక్క వెడ్తడా? అవుతలి కొసకు బకెట్ పెట్టు, గడియారం చూడు. ఎంతసేపట్ల నిండిందో అదే లెక్క. నాకు తెలిసిన లెక్క గదే.

అల్లుడు: బకెట్ ఎన్ని నీళ్లొస్తున్నయో చెప్తది. ఎప్పుడొస్తయో చెప్పదు. ఆ ఎప్పుడు అన్నది పైపు కడుపుల ఉంటది.

మామ: సరే, చెప్పు నీ కడుపు లెక్క. సున్నాలు, చుక్కలు ఎక్కువ పెట్టకు.

అల్లుడు: లోపలి వ్యాసం మిల్లీమీటర్లల్ల తీస్కో. దాన్ని దానితోనే గుణించు. 0.785తో గుణించి వెయ్యితో భాగించు. మీటరు పైపుల ఎన్ని లీటర్లో వస్తది. ఇంచులల్ల అయితే ఇంకా అల్కగ అయితది. ఇంచులను ఇంచులతో గుణించి సగం చెయ్. రెండించుల పైపుకు రెండు రెళ్లు నాలుగు, సగం రెండు. మీటరుకు రెండు లీటర్లు. నాలుగించులకు పదహారుల సగం, ఎనిమిది లీటర్లు.

మామ: గింతేనా? సగం ఎక్కడికెల్లి వచ్చె?

అల్లుడు: ఇంచు వ్యాసం ఉన్న గుండ్రటి కంత వైశాల్యం 506.7 చదరపు మిల్లీమీటర్లు. మీటరు పొడుగుకు అర లీటరు మీద ఇంకో ఏడు మిల్లీలీటర్లు. ఆ ఏడు ఇడిచిపెడితే నూటికి ఒకటిన్నర కూడ తప్పు పోదు.

మామ: మా ఉస్తాదు ఇంకో తీరు చెప్పేటోడు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి ముప్పావు వంతు తీస్కొమ్మనేది. దశాంశాలు లెవ్వు, ఏం లెవ్వు.

ఇక్కడ నాదొక మాట. ఆ ఉస్తాదు చెప్పింది పాత లెక్కే. వృత్తం చుట్టుకొలత వ్యాసానికి మూడు రెట్లు అనుకుంటే వైశాల్యం సరిగ్గా ముప్పావు వంతు అవుతుంది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో మోటు లెక్కకు మూడు, సూక్ష్మానికి పది వర్గమూలం వాడుకోమన్నాడు. ఆ గ్రంథాన్నే పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మూడుతో చేస్తే నూటికి నాలుగున్నర తగ్గుతుంది. పైపుల పనిలో అదేమంత పెద్ద తప్పు కాదు. అంతకంటే పెద్ద తప్పు వేరే ఉంది.

అల్లుడు: ముప్పావు లెక్కతోటి కొంపేం మునగదు మామా. మునిగేది ఏ వ్యాసం తీస్కున్నమన్న కాడ. ఈ 90 పైపు మీద రాసిన 90 బయటి వ్యాసం. పీవీసీకైనా హెచ్‌డీపీఈకైనా బయటి కొలతే పేరు. గోడ మందం 3 మిల్లీమీటర్లు అనుకో, రెండు దిక్కుల కలిపి ఆరు పోతది. లోపల మిగిలేది 84. దాని లెక్క మీటరుకు 5.54 లీటర్లు. 90 అనుకుంటే 6.36 వస్తది. కిలోమీటరు లైనుకు 820 లీటర్ల తేడా.

మామ: పాత జీఐ పైపులకు అట్ల కాదు. దానికి లోపలి కంతనే సైజు అంటం.

అల్లుడు: అదే చెప్తున్న. జీఐ అలవాటున్న మిస్త్రీ పీవీసీకి వచ్చి అదే లెక్క వేస్తే తప్పుతడు. అందులనూ ఒక్కటే 90 పైపు నాలుగు కిలోలది, ఆరు కిలోలది, పది కిలోలది అని ఉంటది. ఒత్తిడి ఎక్కువ పట్టేదానికి గోడ మందం, కంత చిన్నది. బయటికెల్లి చూస్తే అన్నీ ఒక్కతీరే.

మామ: అది నేను కొస చూసే చెప్త. కాని ఒకటి విను. మా ఉస్తాదు ముప్పావు వంతు తీసేది, బయటి కొలతనే వట్టేది. ఒకటి తగ్గించె, ఒకటి పెంచె. లెక్క మధ్యలకొచ్చె!

నవ్వుతూ అన్నా అందులో నిజముంది. 90ని 90తో గుణించి ముప్పావు తీస్తే 6.07 లీటర్లు. అసలు 5.54. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుని నూటికి పది దగ్గర ఆగాయి. ఊళ్లల్లో మోటు లెక్కలు నడిచిపోయేది చాలాసార్లు ఇట్లానే.

మామ: ఇగ నీ లెక్క పనికొచ్చే జాగ చూపెట్టు.

అల్లుడు: బోరు. మన దగ్గర ఆరున్నర ఇంచుల బోరే ఎక్కువ. అడుగుకు ఎన్ని నీళ్లుంటయో తెలుసా? ఆరున్నర లీటర్లు.

మామ: ఆరున్నరకు ఆరున్నర. మంచిగ యాదుంటది.

అల్లుడు: ఆ ఒక్క సైజుకే అట్ల కుదిరింది, అన్నిటికి వాడకు. నాలుగున్నర బోరుకు అడుగుకు మూడే లీటర్లు, కొంచెం ఎక్కువ. ఇప్పుడు చూడు. బోరుల వంద అడుగుల నీళ్లున్నయని రైతు సంబురపడ్తడు. వంద అడుగులంటే 650 లీటర్లు. రెండు వందల లీటర్ల డ్రమ్ములు మూడు నిండి కొద్దిగ మిగుల్తది. సెకనుకు రెండున్నర లీటర్లు తోడే మోటారు పెడితే నాలుగున్నర నిమిషాలు కూడ రాదు.

మామ: రాదు గని, బోరు నడుస్తనే ఉంటది గదా? గంటలు గంటలు నడిచే బోర్లు నేను దించిన. బండల పగుళ్లల్ల నుంచి ఊరే నీళ్లు నీ లెక్కల ఏడున్నయి?

అల్లుడు: లెవ్వు. బోరుల నిలిచిన నీళ్లు ఎంత తక్కువో చెప్పడానికే ఆ లెక్క. అసలు నీళ్లు బండలనే ఉన్నయని అప్పుడు తెలుస్తది.

మామ: అది నాకు నీ లెక్క లేకున్న తెలుసు. సరే, వాగు లైను సంగతి చెప్పు. కిలోమీటరు అవుతల చేను, 90 పైపు, అదే మోటారు.

అల్లుడు: లైను పట్టేది 5,540 లీటర్లు. సెకనుకు రెండున్నర లీటర్ల చొప్పున నిండనీకి 37 నిమిషాలు. మోటారు ఆపినప్పుడల్లా లైను వాగులకు ఖాళీ అయితే, పొద్దున మల్ల వేసినంక అంతసేపు చేనుల చుక్క పడది.

మామ: అందుకే మోటారు కాడ నాన్ రిటర్న్ వాల్వు పెడ్తం. నీళ్లు ఎనుకకు పోవు. స్విచ్ వేసినంక జర సేపట్లనే అవుతల నీళ్లు. నువ్వు 37 అని లెక్క వేసినంక పెట్టేది, నేను లెక్క వేయకముందే పెట్టిన.

అల్లుడు: పెట్టినవ్. మధ్యల గుట్ట ఎక్కి దిగే లైనుకైతే?

మామ: (ఆగి) గుట్టకు ఇవుతల ఉన్నది ఆగుతది. అవుతల దిగుడు మీద ఉన్నది చేనుల వడి పోతది. అది వాల్వుతోటి ఆగది. గుట్ట మీద గాలి పోవడానికి ఒక వాల్వు పెట్టాలె, లేకుంటే గాలి ఇరుక్కుని నీళ్లే ఎక్కవు. పైపు నిండుగ ఉంటదని నువ్వు అనుకుంటున్నవ్ గని, గాలి బుగ్గలు ఇరుక్కున్న లైను ఎన్నడూ నిండుగ ఉండది. నీ 5,540 కాగితం మీదనే.

మామ మాటలో పస ఉంది. పైపు ఘనపరిమాణం లెక్క పూర్తిగా నిండిన పైపుకే వర్తిస్తుంది. ఎత్తుపల్లాల నేల మీద గాలి చేరిన చోట నీళ్లకు దక్కే కంత సగమే కావచ్చు. అయినా అల్లుడి లెక్కకు విలువ పోదు. ఎన్ని పట్టాలో తెలిస్తేనే ఎన్ని తక్కువ పట్టాయో తెలిసేది.

మామ: ఇంకోటి అడుగుత. రెండించుల పైపు ధర ఎక్కువని రైతు రెండు ఇంచు పైపులు కొంటడు. రెండు ఒకట్లు రెండే గదా అంటడు. నీ లెక్క ఏం చెప్తది?

అల్లుడు: ఇంచు పైపు మీటరుకు అర లీటరు, రెండు కలిపితే ఒక లీటరు. రెండించులది రెండు లీటర్లు. రెండు చిన్నవి కలిసి పెద్దదాంట్ల సగం.

మామ: చూసినవా! నేను బకెట్ పెట్టి చూసినోణ్ని. సగం రాదు. మూడో వంతు కాడనే ఆగుతది. నీ కడుపు లెక్క రైతును ముంచుతది.

అల్లుడు: నేను చెప్పింది ఎన్ని పడ్తయన్నది. నువ్వు చూసింది ఎన్ని పారుతయన్నది. సన్న పైపుల నీళ్లు గోడను ఎక్కువ రాసుకుంట పోతయి. వ్యాసం రెండింతలైతే పట్టేది నాలుగింతలు, పారేది ఆరింతలు దాటుతది. రెండు సన్నయి కలిస్తే ఆరిట్ల రెండు. అదే నీ మూడో వంతు.

మామ: అంటే నా బకెట్ గెలిచె.

అల్లుడు: పారే నీళ్ల కాడ గెలిచె.

ఇద్దరూ నిజంగా ఢీకొన్న చోటు డ్రిప్పు. తెలంగాణ వచ్చాక డ్రిప్పుకు ఎస్సీ, ఎస్టీ రైతులకు నూరు శాతం, బీసీలకు, సన్న, చిన్నకారు రైతులకు 90 శాతం, మిగతావారికి 80 శాతం రాయితీ ఇచ్చారు. కంపెనీవాళ్లు డిజైన్ కాగితం ఇస్తారు, లైన్లు పరిచి పోతారు. ఆ తర్వాత యూరియా ట్యాంకులో కలిపి వాల్వు తిప్పడం రైతు పని. ఎంతసేపు తిప్పాలన్నది ఆ కాగితంలో వెతుక్కోవడం ఎవరికీ అలవాటు లేదు.

అల్లుడు: ఎకరం పత్తి. సాళ్లు 1.2 మీటర్లకు ఒకటి. డ్రిప్పు పైపు దగ్గర దగ్గర 3,370 మీటర్లు. పదహారు పైపుకు లోపల 14 మిల్లీమీటర్లు వేస్కో, మీటరుకు 154 మిల్లీలీటర్లు. మొత్తం 520 లీటర్లు. ఎకరంల పరిచిన సన్నపైపుల అర టన్ను నీళ్లుంటయి.

మామ: ఉండనీ.

అల్లుడు: అర మీటరుకొక డ్రిప్పర్, గంటకు రెండు లీటర్లది. 6,740 డ్రిప్పర్లు, గంటకు 13,480 లీటర్లు.

మామ: మన బోర్లు గంటకు పదమూడు వేలు ఎక్కడ పోస్తయిరా? రెండు వాల్వులు పెట్టి అరెకరం ఒకసారి, అరెకరం ఒకసారి తడుపుతం.

అల్లుడు: తడుపు. ఒక్కో పైపుల పోయే నీళ్లు మారవు గదా. అరవై మీటర్ల డ్రిప్పు పైపు ఒకటి తీస్కో. పట్టేది 9.24 లీటర్లు. దాని మీద 120 డ్రిప్పర్లు, గంటకు 240 లీటర్లు పోతయి. 9.24ను 240తో భాగిస్తే రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు.

మామ: అంటే మందు రెండు నిమిషాలల్ల కొసకు చేరుతదంటవ్? నేను ట్యాంకుల ఎర్ర రంగు కలిపి చూసిన. మొదటి సాలు మొదట్ల టక్కున ఎర్రగైతది. కొసన పావుగంట దగ్గర పడ్తది. ఇప్పుడు చెప్పు, లెక్క ఒప్పా, రంగు ఒప్పా?

అల్లుడు: రంగే ఒప్పు. రెండు నిమిషాలన్నది సగం వేసిన లెక్క. ఆ లెక్క కొసదాక ఒక్కతీరే పారుతదనుకుంటది. డ్రిప్పుల అట్ల పారది. పైపు మొదట్ల 120 డ్రిప్పర్ల నీళ్లు పోతయి. సగం దూరం పోతె అరవై డ్రిప్పర్లయే. ఆఖరి అర మీటరుల ఒక్క డ్రిప్పర్ నీళ్లే. ఆ అర మీటరుల ఉన్నది 77 మిల్లీలీటర్లు, పోయేది గంటకు రెండు లీటర్లు. ఆ ఒక్క ముక్క దాటనీకే రెండు నిమిషాల పద్దెనిమిది సెకన్లు పడ్తది.

మామ: దాని ముందుది?

అల్లుడు: అందుల సగం. దాని ముందుది మూడో వంతు, ఆ ముందుది నాలుగో వంతు. అట్ల 120 ముక్కలు కూడితే పన్నెండున్నర నిమిషాలు వస్తది. పెద్ద పైపుల పట్టే టైం కలుపు, నీ పావుగంట.

మామ: మల్ల ఎక్కడ ఆలస్యమైతదంటవ్?

అల్లుడు: కొసన. మొదటి 55 మీటర్లు ఆరు నిమిషాలు నిండకముందే దాటుతది. ఆఖరి ఐదు మీటర్లకు ఏడు నిమిషాల దగ్గర.

పైపు అంతటా మందం ఒకటే, కంత ఒకటే. ఐనా చివరి ఐదు మీటర్లు ముందరి యాభై ఐదింటి కంటే ఎక్కువసేపు తింటాయి. పైపులో ఎన్ని నీళ్లున్నాయో మాత్రమే చూసేవాడికి ఇది కనిపించదు. బకెట్ పెట్టేవాడికీ కనిపించదు. ఒక్కో ముక్క పట్టే నీళ్లను ఆ ముక్కలో పారే నీళ్లతో భాగించినప్పుడే బయటపడుతుంది.

మామ: సరే, పావుగంట అయితది. అయితే ఏమైతది?

అల్లుడు: పది కిలోల యూరియా అరగంటల వదిలినమనుకో. ట్యాంకు ఖాళీ కాంగనే మోటారు బంద్ చేస్తె, మొదటి మొక్కకు ముప్పై నిమిషాలు మందు నీళ్లు పడ్డయి. కొస మొక్కకు పదిహేడున్నర నిమిషాలే. దానికి దక్కింది అరవై పాళ్లు కూడ కాదు. పైపులల్ల ముప్పావు కిలో యూరియా ఉండిపోయె. అందుకే ట్యాంకు ఖాళీ అయినంక పావుగంట ఉత్త నీళ్లు నడిపిస్తె, కొసకు కూడ ముప్పై నిమిషాలు పూర్తయితయి.

మామ: నేను రైతులకు అదే చెప్త. మందు అయినంక ఒక చాయ్ తాగి మోటారు ఆపమంట.

అల్లుడు: మామా, ఒక్కోడు చాయ్ ఐదు నిమిషాలల్ల తాగుతడు.

ఈ మాటకు మామ దగ్గర జవాబు లేకపోయింది. అట్లాగని లెక్కను ఒప్పుకున్నాడని కాదు. నేల వాలుగా ఉన్న చేనులో మోటారు ఆపగానే మిగిలిన మందు నీళ్లన్నీ పల్లం డ్రిప్పర్లలోంచి కారిపోతాయని, కొన్ని డ్రిప్పర్లు సున్నం పట్టి సగమే కారుస్తాయని, అవి కాగితంలో ఉండవని గుర్తుచేశాడు. రెండూ నిజాలే.

అల్లుడు: ఊరి నల్లా లైను కూడ గట్లనే. కిలోమీటరు 90 పైపుల ఉన్న 5,540 లీటర్లు, మిషన్ భగీరథ లెక్క పల్లెల మనిషికి రోజుకు వంద లీటర్లు అనుకుంటె, యాభై ఐదు మందికి ఒక రోజు నీళ్లు. లైను ఖాళీ అయి మల్ల నిండేటప్పుడు ముందరి ఇండ్లు తీస్కుంట పోతయి, ఆఖరి ఇంటికి పోయేసరికి లైనుల పారుడే సన్నగైతది.

మామ: అందుకే ఆఖరి ఇంటోళ్లకు గాలి ఊదే నల్లా. కొత్త లైను వేసినంక కడగడం సంగతి కూడ చెప్పు, అదీ లెక్కేనా? మేం బ్లీచింగ్ గుప్పెడు గుప్పెడు వేస్తం.

అల్లుడు: అందులయితే లెక్క తప్పదు. అమెరికా నీటి సరఫరా ప్రమాణాల ఒక పద్ధతి ఉన్నది. లీటరుకు 25 మిల్లీగ్రాముల క్లోరిన్ కలిపిన నీళ్లు నింపి రోజంతా ఉంచాలె. మన కిలోమీటరు లైనుకు 140 గ్రాముల దగ్గర క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్ల నాలుగో వంతు క్లోరిన్ ఉన్నదనుకుంటె 550 గ్రాములు. అర కిలో మీద ఇంకింత. ఆ నీళ్లన్నీ పారబోసినంకనే ఇండ్లకు ఇడువాలె. తాగే నీళ్లల్ల మిగలాల్సింది లీటరుకు 0.2 మిల్లీగ్రాములు.

మామ: సంచి విప్పి ఆర్నెల్లయిన పౌడర్ల నాలుగో వంతు ఉంటదా?

అల్లుడు: ఉండది. నూటికి పదిహేనుకు దిగితె 920 గ్రాములు కావాలె.

మామ: అగో! పైపు కడుపు మూడు చుక్కలదాక లెక్క వెట్టి, సంచిల పౌడరు మంచిదో కాదో చూడకుంటె ఏం ఫాయిదా?

దీనికి నేను మామ వైపు. లోపలి వ్యాసం మిల్లీమీటరుకు కొలిచి, పౌడర్ బలం ఊహించుకుంటే ఆ కొలతంతా వృథా. కొలతల్లో ఏది మోటుగా ఉంటే జవాబు కూడా అంతే మోటు.

చివరికి మామ ఒక్క విషయంలో మాత్రం అల్లుడిని పిలిచి మరీ అడిగాడు. కల్వర్టు మీదుగా 160 పైపు దాటించాలి, కింద ఆనింపులు ఎన్ని పెట్టాలి? లోపల 150 మిల్లీమీటర్లు ఉంటే మీటరుకు 17.67 లీటర్లు, ఆరు మీటర్ల పైపులో 106 కిలోల నీళ్లు, క్వింటాల్ దాటింది. ఖాళీ పైపును భుజం మీద మోసినవాడికి ఆ బరువు అందదు. మామ ఒక ఆనింపు పెంచాడు.

ఈ వాదంలో నా ఓటు అల్లుడికే. ఒక షరతు ఉంది. పైపు పట్టే లీటర్లు కాగితం మీద వస్తాయి గాని, అందులో పారే లీటర్లు మామ బకెట్ పెడితేనే వస్తాయి. ఒకదాన్ని రెండోదానితో భాగించాకే రైతుకు పనికొచ్చే నిమిషాలు తేలుతాయి. డ్రిప్పు నడిపేవాళ్లు ఈ యాసంగి ట్యాంకులో కొంచెం రంగు కలిపి, మోటారు నుంచి అన్నిటికంటే దూరపు సాలు చివరి డ్రిప్పర్ దగ్గర నిలబడి, రంగు ఎన్ని నిమిషాలకు వచ్చిందో చూడండి. ఆ అంకెను స్టార్టర్ డబ్బా మీద రాసుకోండి. మందు ట్యాంకు ఖాళీ అయ్యాక అన్ని నిమిషాలూ మోటారు ఆపకండి.